పది వస్తువులతో ఒక ప్రదర్శన

నిజామాబాద్, బోధన్ ప్రాంతాల కళాశాలల్లోనూ, డిచ్‌పల్లి దగ్గరి తెలంగాణ విశ్వవిద్యాలయంలోనూ చదువుకునే విద్యార్థులకు కళా ప్రదర్శన అనగానే హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమో, మాదాపూర్‌లోని ఆర్ట్ గ్యాలరీయో గుర్తుకు రావటం సహజం. ఆ వెంటనే సందేహాలు కూడా వరుస కడతాయి. అంతటి భవనం ఇక్కడెక్కడిది? పేరున్న చిత్రకారుల పటాలు ఎవరిస్తారు? ఖర్చు ఎవరు భరిస్తారు? అన్నీ సమకూర్చి పెట్టినా చూడటానికి వచ్చేదెవరు? ఎన్నో ప్రయత్నాలు ఈ నాలుగు ప్రశ్నల దగ్గరే ఆగిపోతాయి. ధైర్యం చేసి ముందుకు వెళ్లిన చోట మరో చిక్కు ఎదురవుతుంది: చార్టులు, థర్మాకోల్ నమూనాలు, ఇంటర్నెట్ నుంచి ప్రింటు తీసిన బొమ్మలు గది నిండా చేరతాయి, వచ్చినవారు ఒక చుట్టు తిరిగి, వాకిట్లో సెల్ఫీ దిగి, ఏం చూశారో గుర్తు లేకుండానే వెళ్లిపోతారు.

ఈ రెండు చిక్కులకూ పరిష్కారం ఒక్కటే. ప్రదర్శన అంటే వస్తువులను పోగుచేయటం అనే ఆలోచనను వదిలి, ఒక ప్రశ్నను ఎంచుకుని, దానికి జవాబు చెప్పగల కొద్ది వస్తువులను మాత్రమే నిలబెట్టటం అలవరచుకోవాలి. ఒక గది, పది వస్తువులు, చదవదగిన పది వివరణ చీటీలు ఉంటే మంచి ప్రదర్శన సాధ్యమే. దానికి కావలసిన సామగ్రిలో చాలా భాగం ఈ ప్రాంతపు ఇళ్లలోనే ఉంది.

విశ్వవిద్యాలయ మ్యూజియం ఏం చేస్తుంది?

విశ్వవిద్యాలయ మ్యూజియం అంటే బోధనకూ పరిశోధనకూ తోడ్పడేలా వస్తువులను సేకరించి, భద్రపరచి, ప్రజలకు చూపే సంస్థ. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1683లో తెరిచిన ఆష్మోలియన్ మ్యూజియం ఈ కోవలో చాలా పాతది. భారతదేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1937లో ఆశుతోష్ మ్యూజియాన్ని స్థాపించింది. శిల్పాలతో పాటు బెంగాల్ పల్లెల్లోని కాంథా కుట్టుపని గుడ్డలను, పటచిత్రాలను, మట్టి బొమ్మలను కూడా అది సేకరించింది. అంటే తన చుట్టూ ఉన్న జనం చేతిపనిని విశ్వవిద్యాలయం చదువదగిన విషయంగా గుర్తించింది. కాకతాళీయంగా, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగింది కూడా 1937లోనే. ఆ కర్మాగారం చుట్టూ శక్కర్‌నగర్ అనే కాలనీ వెలిసింది, మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు నీటితో చెరకు పొలాలు పెరిగాయి, తరాల తరబడి కుటుంబాలు ఆ గానుగ కాలం చుట్టూ బతుకును అల్లుకున్నాయి. 2015 చివర్లో కర్మాగారం మూతపడింది. ఆ జీవితానికి సాక్ష్యంగా నిలిచే కాగితాలు, పనిముట్లు, ఫొటోలు ఇంకా ఇళ్లలో ఉన్నాయి గానీ, పాత ఇల్లు పడగొట్టిన ప్రతిసారీ వాటిలో కొన్ని చెత్తకుప్పకు చేరుతుంటాయి. వాటిని ఎవరు కాపాడాలి? దగ్గర్లో ఉన్న కళాశాల విద్యార్థుల కంటే తగినవారు ఎవరుంటారు?

తొమ్మిది మెట్లు

1. వస్తువు కంటే ముందు ప్రశ్నను ఎంచుకోవాలి. "మన సంస్కృతి, మన వారసత్వం" అనే శీర్షిక కింద ఏ వస్తువైనా ఇముడుతుంది కాబట్టి ఏ వస్తువూ ప్రత్యేకంగా ఏమీ చెప్పదు. ప్రశ్న చిన్నదిగా, జవాబు చూపదగినదిగా ఉండాలి. "చెరకు బోధన్ మనుషుల రోజును ఎలా నడిపింది?", "బీడీ చుట్టే చేతికి ఎన్ని పనిముట్లు కావాలి?", "పసుపు పొలం నుంచి మార్కెట్ యార్డు దాకా ఎన్ని చేతులు మారుతుంది?" వంటివి మంచి ప్రశ్నలు. ప్రశ్న సరైనదా కాదా తెలుసుకోవటానికి తేలికైన పరీక్ష ఒకటుంది: దానిని ఇంట్లో పెద్దవారి ముందు ఉంచినప్పుడు వారు వెంటనే ఏదో చెప్పటం మొదలుపెడితే ప్రశ్న బతికినట్టే, "మంచిదే" అని ఊరుకుంటే మళ్లీ ఆలోచించాలి.

2. పెట్టేముందు చూడటం నేర్చుకోవాలి. నిజామాబాద్ తిలక్ గార్డెన్‌లోని పురావస్తు మ్యూజియం ఇందుకు చేతికందే పాఠశాల. రాతియుగపు పనిముట్ల నుంచి శిల్పాలు, లోహ విగ్రహాలు, బిద్రీ సామాను దాకా అక్కడ చూడవచ్చు. అన్నింటినీ ఒక చుట్టులో ముగించే అలవాటును ఆ రోజుకు పక్కనపెట్టి, ఒక్కో విద్యార్థి ఒక్కో వస్తువు ముందు పది నిమిషాలు నిలబడి పెన్సిల్‌తో దాని గీతబొమ్మ వేసుకోవాలి. బొమ్మ బాగా రావటం ఇక్కడ లక్ష్యం కాదు. గీస్తున్నప్పుడు కన్ను అంచులను, అరుగుదలను, అతుకులను పట్టుకుంటుంది, ఫొటో తీసినప్పుడు పట్టుకోదు. వస్తువు ఎంత ఎత్తులో ఉంది, వెలుగు ఎటు నుంచి పడుతోంది, చీటీ చదవటానికి వంగవలసి వస్తోందా అనే మూడు విషయాలు కూడా రాసుకుంటే, సొంత ప్రదర్శనకు సగం ప్రణాళిక అక్కడే సిద్ధమవుతుంది.

3. సేకరించిన వాటిలో మూడింట రెండు వంతులు వదులుకోవాలి. ఒక డిగ్రీ కళాశాల బృందం చెరకు గురించిన ప్రదర్శన కోసం ముప్పై వస్తువులు తెచ్చిందనుకుందాం. నాలుగు చెరకు కొట్టే కత్తులు, ఆరు పాత ఫొటోలు, కాటా చీటీలు, బెల్లం వండే పెనం, కార్మికుడి గుర్తింపు కార్డు, చక్కెర సంచి, ఇంకా ఎన్నో వాటిలో ఉన్నాయి. అన్నీ పెడితే ఇచ్చినవారు సంతోషిస్తారు, చూసేవారు అలసిపోతారు. ఒకే మాట చెప్పే నాలుగు కత్తులలో పిడి ఎక్కువ అరిగినదాన్ని ఉంచి మిగిలినవి తిరిగి ఇవ్వటం మేలు. ఇలా ఏది ఉండాలో, ఏది దేని పక్కన ఉండాలో నిర్ణయించి, ఆ నిర్ణయానికి కారణం చెప్పగల వ్యక్తినే క్యురేటర్ అంటారు. వస్తువులు తిరిగి తీసుకున్నవారు నొచ్చుకోకుండా ఉండాలంటే, ఆ వస్తువుల ఫొటోలను, వివరాలను ఒక రిజిస్టరులో చేర్చి ప్రదర్శన గదిలో బల్ల మీద ఉంచవచ్చు.

4. పనిముట్టు పక్కన చిత్రాన్ని నిలపాలి. పనిముట్లు మాత్రమే ఉంటే ప్రదర్శన వ్యవసాయ సామగ్రి గదిలా మారుతుంది, చిత్రాలు మాత్రమే ఉంటే అవి ఏ బతుకు లోంచి వచ్చాయో తెలియదు. విద్యార్థులు వేసిన చిత్రాలకు స్థానం ఇక్కడే. తెలంగాణ చిత్రకళకు పేరు తెచ్చినవారు ఎక్కడి విషయాలను గీశారో గమనిస్తే ధైర్యం కలుగుతుంది. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య పల్లె పండుగలను, పనిపాటలను చిత్రించారు. 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం పెద్ద బొట్టు పెట్టుకున్న పల్లె స్త్రీలను గీశారు. 1940లో మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ పల్లె మనుషులను, మేకలను, చెట్లను ఎచింగ్‌లుగా మలిచారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కళ బోధించారు. ఎచింగ్ అంటే మైనం వంటి పూత పూసిన లోహపు రేకు మీద సూదితో గీసి, ఆమ్లంలో ఉంచి, గీత పడిన చోట లోహం తినివేయబడిన తరువాత దాని నుంచి కాగితం మీద ముద్ర తీయటం. ఆ చిత్రకారులకు పల్లె ముడిసరుకు అయినప్పుడు, ఎడపల్లి పొలమో శక్కర్‌నగర్ క్వార్టరో నేటి విద్యార్థికి ఎందుకు కాకూడదు?

5. అరువు తెచ్చిన ప్రతిదానికీ రసీదు ఇవ్వాలి. ప్రదర్శనల విషయంలో నమ్మకం పోయేది ఎక్కువగా ఇక్కడే. వస్తువు తీసుకున్న రోజే రెండు ప్రతులుగా ఒక కాగితం రాయాలి: యజమాని పేరు, వస్తువు వివరం, కొలతలు, ఇప్పటికే ఉన్న పగుళ్లు, మరకలు, తిరిగి ఇచ్చే తేదీ. నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి ఆ కాగితానికి జతచేయాలి. దీనిని స్థితి నివేదిక అంటారు. తిరిగి ఇచ్చేటప్పుడు "ఈ సొట్ట ముందు లేదు" అనే మాట వస్తే ఇరుపక్షాలనూ కాపాడేది ఈ కాగితమే. యజమాని పేరును చీటీ మీద వేయవచ్చా లేదా అన్నది కూడా ముందే అడిగి రాసుకోవాలి. కొందరికి పేరు కనపడటం గౌరవం, మరికొందరికి అది ఇబ్బంది.

6. చట్టం గీసిన గీతను దాటకూడదు. ఒక విద్యార్థి పొలం గట్టున పడి ఉన్న వీరగల్లును, అంటే యుద్ధంలో మరణించిన వీరుడి స్మారక శిలను, ఉత్సాహంగా ట్రాక్టరు మీద ఎక్కించి కళాశాలకు తెచ్చాడనుకుందాం. ఉద్దేశం మంచిదే అయినా ఇందులో రెండు నష్టాలున్నాయి. మొదటిది చట్టపరమైన చిక్కు. 1972 నాటి ప్రాచీన వస్తువులు, కళా నిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, నాణేలు వంటివీ, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులూ ప్రాచీన వస్తువుల కిందికి వస్తాయి, వాటిలో కొన్ని రకాలను నమోదు చేయించటం తప్పనిసరి. భూమిలో దొరికిన పది రూపాయల విలువకు మించిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. అంతకంటే పెద్ద నష్టం, ఉన్న చోటు నుంచి కదిలించిన శిల తన కథలో సగాన్ని పోగొట్టుకుంటుంది, ఎందుకంటే అది ఏ ఊరి పొలిమేరలో, ఏ దిక్కుకు తిరిగి ఉందో చరిత్రకారుడికి అంతే ముఖ్యం. కాబట్టి ఫొటో, గీతబొమ్మ, కొలతలు, స్థలం వివరం తీసుకుని శిలను అక్కడే వదిలి, పురావస్తు శాఖకు సమాచారం ఇవ్వటం సరైన పద్ధతి. డిచ్‌పల్లి గుట్ట మీది రామాలయ శిల్పాల విషయంలోనూ గీతబొమ్మే ప్రదర్శన వస్తువు కావాలి.

7. వస్తువుకు హాని చేసే మంచి ఉద్దేశాలను మానుకోవాలి. ప్రదర్శనలలో జరిగే నష్టాలు చాలావరకు శ్రద్ధ ఎక్కువై జరుగుతాయి. తరచుగా కనిపించే పొరపాట్లు ఇవి:

– పాత ఫొటోను, కాగితాన్ని లామినేషన్ చేయించటం. ఒకసారి వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను తీయటం దాదాపు అసాధ్యం. అసలు ప్రతిని కవరులో దాచి, దాని నకలును గోడకు పెట్టాలి.

– సెల్లోటేపుతో అంటించటం. టేపు జిగురు కొన్నాళ్లకు పసుపుపచ్చ మరకగా మారి కాగితంలోకి ఇంకుతుంది. నాలుగు మూలలకు కాగితపు జేబులు చేసి అందులో ఫొటోను నిలపవచ్చు.

– బిద్రీ హుక్కానో పాన్‌దానునో చింతపండుతో తోమటం. బిద్రీ సామాను జింకు ఎక్కువగా ఉన్న మిశ్రలోహం మీద వెండి తాపడంతో చేస్తారు. వెండి మెరుపును ఎత్తి చూపేది చుట్టూ ఉన్న నల్లటి పూతే. పులుపు, రాపిడి ఆ నలుపును తినేస్తే వస్తువు అందమే పోతుంది. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము దులిపితే చాలు.

– కిటికీ ఎదురుగా నీటిరంగుల చిత్రాన్ని పెట్టటం. వెలుగును కొలిచే ప్రమాణం లక్స్. ఒక మీటరు దూరంలోని కొవ్వొత్తి ఇచ్చే వెలుగు సుమారు ఒక లక్స్. కాగితం, గుడ్డ, నీటిరంగుల వంటి వాటికి మ్యూజియాలు 50 లక్స్ దాటనివ్వవు, తైలవర్ణ చిత్రాలకు 200 దాకా అనుమతిస్తాయి. నేరుగా పడే ఎండ ఒక లక్ష లక్స్ వరకూ ఉంటుంది. నిజామాబాద్ ఎండలో వారం రోజులు చాలు, కొన్ని రంగులు వెలిసిపోవటం మొదలవుతుంది. కిటికీలకు మందపాటి తెర వేయటమే అన్నింటికంటే చవకైన సంరక్షణ.

8. కంటికి అందేలా అమర్చి, చదవాలనిపించేలా రాయాలి. చిత్రం మధ్యభాగం నేల నుంచి సుమారు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే సగటు మనిషి మెడ ఎత్తకుండా చూడగలుగుతాడు. పాఠశాల పిల్లలు ఎక్కువగా వస్తారనుకుంటే ఇంకొంచెం దించాలి. రెండు వస్తువుల మధ్య ఖాళీ వదలటానికి వెనుకాడకూడదు, ఎందుకంటే ఆ ఖాళీయే చూపును ఒకదాని మీద నిలుపుతుంది.

వివరణ చీటీలో మొదట వస్తువు పేరు, ఆ తరువాత అది దేనితో చేసినదో, ఎక్కడిదో, ఏ కాలానిదో, ఎవరిచ్చారో ఉండాలి, చివర చూసేవారి కన్నును ఒక చోటికి నడిపే వాక్యం ఉండాలి. మొత్తం 50 మాటలు దాటకపోతే మంచిది. బీడీ చుట్టేవారి చాటకు "మన సంస్కృతికి అద్దం పట్టే పురాతన చాట" అని రాస్తే చదివినవారికి ఏం దక్కుతుంది? దానికి బదులు ఇలా రాయవచ్చు: "బీడీ చాట. వెదురు. బోధన్. తునికాకు, జర్దా, దారం, కత్తెర అన్నీ ఒళ్లో పెట్టుకున్న ఈ చాటలోనే ఉంటాయి. కుడి అంచు ఎడమ అంచు కంటే ఎందుకు ఎక్కువ అరిగిందో గమనించండి." రెండో చీటీ చదివినవారు మళ్లీ చాటను చూస్తారు. తిరిగి చూడనివ్వని చీటీ ఎంత అందంగా అచ్చు వేసినా వృథాయే. నిజామాబాద్, బోధన్‌లలో ఉర్దూ చదివే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, మహారాష్ట్ర సరిహద్దు దగ్గర్లోనే ఉంది. తెలుగు కింద ఉర్దూలో, వీలైతే మరాఠీలో రెండు వాక్యాలు చేరిస్తే గది తలుపు ఇంకొంత వెడల్పుగా తెరుచుకుంటుంది. అక్షరాలు చిన్నవైతే పెద్దవారు చదవలేరు కాబట్టి, కళ్లద్దాలు పెట్టుకునే ఒక వ్యక్తి చేత ఒక మీటరు దూరం నుంచి చదివించి చూసుకోవాలి.

9. వచ్చేవారి వేళను బట్టి తెరవాలి, వారితో మాట్లాడించాలి. ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా మాత్రమే తెరిస్తే వచ్చేది ఆ కళాశాల విద్యార్థులే. కూలికి వెళ్లేవారు, బీడీలు చుట్టేవారు, దుకాణాలు నడిపేవారు రావాలంటే ఆదివారం పూట, సాయంత్రం ఏడు దాకా తెరవాలి. వస్తువు ఇచ్చిన కుటుంబాన్ని మొదటి రోజే పిలిచి, ముందుగా వారికే చూపించాలి. వారి వెంట వాడకట్టు అంతా వస్తుంది.

గదిలో నిలబడే విద్యార్థి వాలంటీరు చేసే పొరపాటు ఒకటుంది: బట్టీపట్టిన ఉపన్యాసాన్ని అప్పజెప్పటం. కర్మాగారంలో ముప్పై ఏళ్లు పనిచేసిన పెద్దాయనకు ఇరవై ఏళ్ల విద్యార్థి చక్కెర తయారీ గురించి పాఠం చెప్పటం కంటే, "మీ కాలంలో సీజను ఎప్పుడు మొదలయ్యేది? రాత్రి షిఫ్టుకు ఎలా వెళ్లేవారు?" అని అడిగి వినటం ఎంత మేలు! అనుమతి తీసుకుని ఆ మాటలను ఫోనులో రికార్డు చేసుకుంటే ప్రదర్శన ముగిసే నాటికి ఒక మౌఖిక చరిత్ర, అంటే మనుషుల నోట విని భద్రపరచిన చరిత్ర, చరిత్ర విభాగం చేతిలో ఉంటుంది. సందర్శకుల పుస్తకంలో "చాలా బాగుంది" అనే మాటలతో పేజీలు నిండకుండా ఉండాలంటే, ప్రతి పేజీ పైన ఒక ప్రశ్న అచ్చు వేయించాలి: "ఇక్కడ ఉండవలసి ఉండి లేనిదేమిటి?" ఆ జవాబులే వచ్చే ఏడాది ప్రదర్శనకు విషయసూచిక.

ముగిసిన తరువాతి వారం

చాలా బృందాలు చివరి రోజు ఫొటో దిగగానే పని పూర్తయిందనుకుంటాయి. అసలు పరీక్ష ఆ తరువాత వస్తుంది. స్థితి నివేదికతో సరిచూసి ప్రతి వస్తువునూ చెప్పిన తేదీకే తిరిగి ఇవ్వాలి, యజమాని సంతకం తీసుకోవాలి. చీటీలు, ఫొటోలు, రికార్డు చేసిన మాటలు, సందర్శకుల జవాబులు ఒక ఫైలుగా కూర్చి కళాశాల గ్రంథాలయంలో ఒక ప్రతిని, చరిత్ర విభాగంలో మరో ప్రతిని ఉంచాలి. ఈ ఏడాది పది వస్తువుల వివరాలు, వచ్చే ఏడాది మరో పది చేరుతూ పోతే ఐదేళ్లకు యాభై వస్తువుల జాబితా తయారవుతుంది. విశ్వవిద్యాలయానికి మ్యూజియం కావాలని అడిగే రోజు వచ్చినప్పుడు వినతిపత్రం కంటే ఆ జాబితాయే బలమైన ఆధారం.

ఇవన్నీ ఒక్కసారే చేయగలమా అనే సంకోచం అవసరం లేదు. మొదటి ఏడాది పదికి బదులు ఐదు వస్తువులే దొరకవచ్చు, వెలుగు సరిగా కుదరకపోవచ్చు, ఉర్దూ చీటీలు సిద్ధం కాకపోవచ్చు. ప్రశ్న సరైనదై, రసీదులు పక్కాగా ఉండి, వస్తువు ఇచ్చిన ఇంటివారు తమ వస్తువు ముందు కాసేపు నిలబడితే ఆ ప్రదర్శన నెగ్గినట్టే. కాబట్టి విద్యార్థులు ఈ వారంలో చేయవలసిన పని చిన్నది: ఇంట్లోని అటకనో, పాత పెట్టెనో తెరిచి, ఒక్క వస్తువును ఎంచుకుని, దాని గురించి ఇంటి పెద్దను అడిగి, 50 మాటల చీటీ రాయాలి. చీటీ పూర్తయ్యేసరికి ప్రదర్శన మొదలైపోయి ఉంటుంది.